ఐరిష్‌లో రాస్తే ఇంగ్లీషులో జవాబు: ముందు ఎవరిని నిలదీయాలి?

ప్రశ్న: మేం ఐర్లండ్‌లోని గాల్వేలో ఉంటున్నాం. నాది స్టాంప్ 4 (విడిగా వర్క్ పర్మిట్ లేకుండా ఇక్కడ ఉండి పని చేసుకునే అనుమతి). త్వరలో పౌరసత్వానికి దరఖాస్తు పెట్టాలి. మా బాబు ఐరిష్ మాధ్యమం బడిలో చదువుతున్నాడు. తల్లిదండ్రులం కొందరం కలిసి ఆటస్థలం గురించి కౌంటీ కౌన్సిల్‌కి ఐరిష్‌లో ఉత్తరం రాస్తే, ఇంగ్లీషులో రెండు ముక్కల జవాబొచ్చింది. ఇది మానవ హక్కుల ఉల్లంఘన, స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల కోర్టుకే రాద్దామని కొందరంటున్నారు. మంత్రికి బహిరంగ లేఖ కూడా సిద్ధమవుతోంది, నన్నూ సంతకం చేయమంటున్నారు. ప్రచారానికి చందాలు పోగు చేస్తారట. సంతకం పెడితే నా దరఖాస్తుకు ఇబ్బందా? ఈ ఉత్తరాలకు చట్టం ముందు విలువేమైనా ఉందా?
– ఒక పాఠకురాలు

జవాబు: విలువ ఉంది. కాకపోతే మీవాళ్లు పట్టుకున్న కొస వేరు. ఈ వివాదంలో మీకు బలం మానవ హక్కుల ఒప్పందాల కన్నా ఐర్లండ్ సొంత చట్టంలోని ఒక చిన్న నిబంధనలోనే ఎక్కువ.

1937 రాజ్యాంగం 8వ అధికరణ ప్రకారం ఐరిష్ జాతీయ భాష, మొదటి అధికార భాష. ఇంగ్లీషు రెండోది. అయినా రాజ్యాంగంలోని మాట రోజువారీ హక్కుగా మారడానికి చాలా ఏళ్లు పట్టింది. 2001లో ఓ బ్యోలాన్ కేసులో, మద్యం తాగి బండి నడిపాడన్న అభియోగం ఎదుర్కొంటున్న వ్యక్తి చట్టాల ఐరిష్ ప్రతులు కావాలని పట్టుబడితే, వాటిని సమకూర్చడం ప్రభుత్వ బాధ్యతేనని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తర్వాత 2003లో అధికార భాషల చట్టం వచ్చింది. మీకు కావాల్సింది అందులోని సెక్షన్ 9(2): ప్రభుత్వ సంస్థకు ఎవరైనా ఉత్తరం ద్వారా గాని, ఈమెయిల్ ద్వారా గాని ఒక అధికార భాషలో రాస్తే సంస్థ అదే భాషలో జవాబివ్వాలి. ‘ఎవరైనా’ అన్నారు గాని ‘పౌరుడు’ అనలేదు. కాబట్టి స్టాంప్ 4 మీద ఉన్న మీకూ ఈ హక్కు ఉంది.

పోలిక కోసం చెప్తాను. మన భారత రాజ్యాంగం 350వ అధికరణ కింద దేశంలోనో రాష్ట్రంలోనో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ పెట్టుకోవచ్చు. జవాబు కూడా అదే భాషలో ఇవ్వాలని అక్కడ రాయలేదు. ఆ విషయంలో ఐరిష్ చట్టం ఒక మెట్టు పైనుంది.

ఇక మీ ఉత్తరం సంగతి. ఇలాంటి ఫిర్యాదులు వీగిపోయేది ఎక్కువగా ఉత్తరం రాసిన తీరువల్లే. పైన ఐరిష్, కింద ఇంగ్లీషు అనువాదం పెట్టి పంపితే, ఇంగ్లీషులో వచ్చిన జవాబును తప్పుపట్టడం కష్టం. కాబట్టి పూర్తిగా ఐరిష్‌లోనే రాయండి. కౌన్సిలర్ సొంత మెయిల్‌కి పంపితే అది సంస్థకు పంపినట్టు కాదు. కౌన్సిల్ అధికారిక చిరునామాకే పోవాలి. ఫోన్ సంభాషణ ఈ సెక్షన్ కిందికి రాదు. ప్రైవేటు బ్యాంకు, సూపర్ మార్కెట్, టెలిఫోన్ కంపెనీ ఈ చట్టం పరిధిలోనే లేవు. యంత్రంతో అనువదించిన ఐరిష్‌ను చదవకుండా పంపొద్దు. అర్థం కాలేదని చెప్పి తప్పించుకునే వీలు మనమే ఇచ్చినట్టవుతుంది. భాష బాగా వచ్చిన తల్లిదండ్రులెవరైనా ఒకసారి దిద్దితే చాలు.

జవాబు ఇంగ్లీషులో వచ్చేసింది కాబట్టి ముందు కౌన్సిల్‌కే, మళ్లీ ఐరిష్‌లోనే, మరో ఉత్తరం రాయండి. అందులో ఆటస్థలం గొడవ కలపొద్దు. ఫలానా తేదీన రాశాం, ఫలానా తేదీన ఇంగ్లీషు జవాబొచ్చింది, సెక్షన్ 9(2) ప్రకారం ఐరిష్ జవాబు ఇప్పించండి, ఇన్ని రోజుల్లోగా. ఈ నాలుగు ముక్కలు చాలు. పాత ఉత్తరం, వచ్చిన జవాబు, రెండింటి ప్రతులూ జత చేయండి. భాష చరిత్ర, దాని మీద జరిగిన అణచివేత గురించి రెండు పేజీలు రాయాలని ప్రచారకర్తలకు సహజంగానే అనిపిస్తుంది. అది బహిరంగ లేఖలో రాసుకోవచ్చు. ఫిర్యాదులో రాస్తే గుమాస్తా దాన్ని విధాన చర్చగా లెక్కగట్టి పక్కన పెట్టేస్తాడు.

కౌన్సిల్ కదలకపోతే భాషా కమిషనర్‌కు ఫిర్యాదు చేయండి. కార్యాలయం మీ జిల్లాలోనే, స్పిడల్‌లో ఉంది. ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. చాలా ఫిర్యాదులను సంస్థతో మాట్లాడి అక్కడే సరిచేయిస్తారు. కుదరకపోతే సెక్షన్ 23 కింద విచారణ జరిపి, తప్పు తేలితే సిఫార్సులతో నివేదిక ఇస్తారు. అమలు చేయకపోతే పార్లమెంటుకు నివేదించవచ్చు. బలహీనత ఇక్కడే ఉంది: ఆ సిఫార్సులు కోర్టు డిక్రీ లాంటివి కావు. భాషా హక్కుల విషయంలో ప్రభుత్వానికి చిత్తశుద్ధి లేదంటూ మొదటి కమిషనర్ షాన్ ఓ కిరాన్ పదవీకాలం పూర్తికాకుండానే 2014లో తప్పుకున్నారు. కమిషనర్ తీర్పు మీద హైకోర్టుకు వెళ్లే అవకాశం ఉంది గాని న్యాయసూత్రానికి సంబంధించిన అంశం మీద మాత్రమే. ఇక నేరుగా జ్యుడీషియల్ రివ్యూ (ప్రభుత్వ సంస్థ నిర్ణయం చట్టబద్ధమో కాదో హైకోర్టు పరిశీలించడం) వేయాలంటే, కారణం ఏర్పడిన నాటి నుంచి మూడు నెలలే గడువు. ఖర్చు చూసుకుంటే, ఒక్క ఉత్తరం కోసం ఆ దారి పట్టమని నేను చెప్పను.

అంతర్గతంగా ఏం జరిగిందో తెలుసుకోవాలంటే 2014 సమాచార స్వేచ్ఛ చట్టం కింద అడగండి. మీ ఉత్తరం ఎవరి బల్ల మీదకు వెళ్లింది, ఐరిష్ ఉత్తరాల విషయంలో కౌన్సిల్‌లో ఏ ఆదేశాలున్నాయి అని. సాధారణంగా 20 పనిదినాల్లో నిర్ణయం చెప్పాలి. మా దగ్గర ఐరిష్ వచ్చినవాళ్లు లేరని ఏ మెయిల్లోనైనా బయటపడితే, బహిరంగ లేఖకు అంతకంటే గట్టి ఆధారం దొరకదు. 2030 చివరికల్లా ప్రభుత్వ సంస్థల్లో కొత్తగా చేరేవారిలో 20 శాతం మందికి ఐరిష్ వచ్చి ఉండాలన్నది 2021 సవరణ చట్టం పెట్టిన లక్ష్యం.

ఇప్పుడు స్ట్రాస్‌బర్గ్. అధికారులతో మనకు నచ్చిన భాషలో వ్యవహరించే హక్కు యూరోపియన్ మానవ హక్కుల ఒప్పందంలో విడిగా లేదు. క్రిమినల్ కేసులో నిందితుడికి అర్థమయ్యే భాషలో అభియోగం చెప్పడం, ఉచితంగా దుబాసీని ఇవ్వడం 6వ అధికరణలో ఉన్నాయి. తల్లిదండ్రులు కోరిన భాషలోనే ప్రభుత్వం చదువు చెప్పి తీరాలన్న వాదన 1968 నాటి బెల్జియం భాషల కేసులోనే నెగ్గలేదు. పైగా దేశంలోని పరిష్కార మార్గాలన్నీ ముగిశాక, తుది నిర్ణయం వచ్చిన నాలుగు నెలల్లో వెళ్లాలి. మీరింకా కమిషనర్ గడపే తొక్కలేదు కదా.

ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ దగ్గర మీ వాదనకు దగ్గరైనది ఒకటుంది. నమీబియాలో ఆఫ్రికాన్స్‌లో రాసిన ఉత్తరాలకు, చేసిన ఫోన్లకు ఆ భాషలో జవాబివ్వొద్దని ఉద్యోగులకు సర్క్యులర్ ఇస్తే, అది వివక్ష అని 2000లో డీర్‌గార్ట్ కేసులో కమిటీ చెప్పింది. అక్కడ పై నుంచి వచ్చిన నిషేధం ఉంది. మీ దగ్గర ఉన్నది ఇప్పటికైతే ఒక గుమాస్తా నిర్లక్ష్యం. సమాచార దరఖాస్తులో అలాంటి ఆదేశం దొరికితే మాత్రం కథ మారుతుంది.

బహిరంగ లేఖలో వాడుకోదగ్గ గెలుపు ఇంకోటి: పశువుల మందుల లేబుళ్లు ఐరిష్‌లోనూ ఉండాలని ఒక గాల్వే వాసి వేసిన కేసులో, యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం (స్ట్రాస్‌బర్గ్ కోర్టు కాదు, వేరే) 2021 మార్చి 17న ఆయన పక్షాన చెప్పింది. ఆ నియమం త్వరలో మారబోతోంది కదా అని ఐరిష్ కోర్టు ఉపశమనం నిరాకరించడానికి వీల్లేదంది. ఇవన్నీ ఐర్లండ్ రిపబ్లిక్‌కు సంబంధించిన మాటలు. ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో బంధువులెవరైనా ఇదే ఉత్తరాన్ని నకలు కొడితే పనికిరాదు. అక్కడిది 2022లో వచ్చిన వేరే చట్టం.

మీ సంతకం గురించి. ఐరిష్ రాజ్యాంగంలో భావప్రకటన హక్కు పౌరులదని రాసి ఉన్నా, యూరోపియన్ ఒప్పందం 10వ అధికరణ అందరికీ వర్తిస్తుంది. 2003లో వచ్చిన మరో చట్టం ఆ ఒప్పందాన్ని ఐర్లండ్ కోర్టుల్లోకి తెచ్చింది. పౌరసత్వానికి చూసే సత్ప్రవర్తన అంటే ప్రధానంగా పోలీసు రికార్డు, కోర్టు కేసులు. శాంతియుతమైన లేఖ మీద సంతకం నేరం కాదు. పౌరసత్వానికి భాషా పరీక్ష కూడా లేదు. పౌరసత్వం ఇవ్వడం మంత్రి విచక్షణే అన్నది నిజం. అయినా ఈ సంతకానికి భయపడాల్సిన పని లేదని నా అభిప్రాయం.

నాకు కాస్త బెంగగా ఉన్నది చందాల విషయంలో. ప్రభుత్వ విధానాన్ని ప్రభావితం చేసే ప్రచారానికి ఒక్క దాత నుంచి 100 యూరోలు మించి తీసుకుంటే, ఎన్నికల చట్టం కింద మీ బృందం ‘తృతీయ పక్షం’గా (పార్టీ, అభ్యర్థి కాకుండా రాజకీయ ప్రయోజనం కోసం విరాళాలు తీసుకునే బృందంగా) నమోదు కావాల్సి రావచ్చు. అప్పుడు ఒక దాత నుంచి ఏడాదికి 2,500 యూరోలే పరిమితి. ఐర్లండ్ ద్వీపం బయట ఉండే, ఐరిష్ పౌరులు కాని వ్యక్తుల దగ్గర అసలు తీసుకోకూడదు. అంటే హైదరాబాద్ నుంచి మీ అన్నయ్య అభిమానంతో పంపే డబ్బు కూడా వద్దు. లాబీయింగ్ రిజిస్టర్ (ప్రభుత్వ నిర్ణయాలను ప్రభావితం చేయడానికి అధికారులను కలిసేవాళ్లు పేరు నమోదు చేసుకునే జాబితా) గొడవ జీతం తీసుకునే ఉద్యోగి లేని తల్లిదండ్రుల బృందానికి మామూలుగా ఉండదు. ఉద్యోగిని పెట్టుకున్న రోజున మాత్రం మళ్లీ అడగండి. ఈలోగా చందా పుస్తకంలో ప్రతి దాత పేరు, చిరునామా, తేదీ రాయించండి.