ముందు చక్రాల హోరు: టైర్లా, బేరింగా?

60 దాటితే ముందు నుంచి హోరు, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టకటక, మెకానిక్ ఏమో "కింద సెట్టు మొత్తం మార్చాలి" అన్నాడని రాశారు. ఒప్పుకోకండి. ఇవి రెండు వేరు వేరు జబ్బులు అయ్యుండొచ్చు. ముందు విడదీసి చూడండి.

హోరు సంగతి నాకు బాగా తెలుసు, డబ్బు తగలేసి నేర్చుకున్నాను. మాది కోవూరు. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు మా వీధిలో కారు సగం చక్రాల దాకా నీళ్లలో నిలబడింది. నీళ్లు తీశాక ఇంజన్ స్టార్టయింది కదా, గండం గడిచిందనుకున్నా. సంక్రాంతి అయ్యాక ఒంగోలు పోతుంటే, కావలి దాటేసరికి ముందు వైపు పిండిమర ఆడుతున్నట్టు మొదలైంది. స్పీడు తగ్గిస్తే తగ్గుతుంది, పెంచితే పెరుగుతుంది. టైర్ల షాపులో చూపిస్తే "టైర్లు అరిగాయి సార్, అవే అరుస్తున్నాయి" అన్నారు. ముందు రెండూ కొత్తవి వేయించాను. తిరిగొచ్చేటప్పుడు అదే పిండిమర!

తర్వాత నెల్లూరులో ఒక పాత మేస్త్రీ దగ్గరికి వెళ్లాను. ఆయన బానెట్ కూడా ఎత్తలేదు. "మీరు నడపండి సార్, నేను పక్కన కూర్చుంటా" అన్నాడు. ఖాళీ రోడ్డు మీద 60లో పోతుండగా స్టీరింగ్‌ను మెల్లగా కుడికి, ఎడమకి కొద్దిగా ఆడించమన్నాడు. కుడికి తిప్పినప్పుడల్లా హోరు పెరిగింది. "ఎడమ బేరింగ్" అని తేల్చేశాడు, అంటే చక్రం సాఫీగా తిరగడానికి దాని నడుమ ఉండే గుండ్ల కట్టు. నాకేమో శబ్దం కుడివైపు నుంచే వస్తున్నట్టు ఉండేది. బండి కుడికి మళ్లితే బరువు ఎడమ చక్రం మీద పడుతుంది, పాడైన బేరింగ్ ఆ బరువుకు అరుస్తుంది. ఈ విషయంలో చెవిని నమ్మకూడదు, శబ్దం బాడీ గుండా ఎటో పాకి ఎక్కడో వినిపిస్తుంది.

షెడ్డులో జాకీ ఎత్తి, ఒక చెయ్యి సస్పెన్షన్ స్ప్రింగు మీద పెట్టించి, రెండో చేత్తో చక్రం తిప్పమన్నాడు. కుడివైపు మెత్తగా తిరిగింది. ఎడమవైపు మాత్రం స్ప్రింగులో ఇసుక నలుగుతున్నట్టు గరగర చేతికి తెలిసింది. విప్పితే బేరింగ్‌లోకి నీళ్లు, దుమ్ము పోకుండా ఉండే సీలు చుట్టూ తుప్పు. వరద నీళ్లే లోపలికి దిగాయన్నాడు. అది చూశాక నేనూ నమ్మాను. ఒక్క ఎడమదే మార్చాం, కుడిది ఇప్పటికీ అదే. మార్పించేటప్పుడు ఒకటి చూసుకోండి: ప్రెస్సు మిషన్ మీద ఎక్కించాలి. సుత్తితో కొట్టి దిగేస్తే కొత్త బేరింగ్ కూడా కొన్నాళ్లకే అరుస్తుంది.

టైరా కాదా తేల్చడానికి పైసా ఖర్చు లేదు. ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్చి నడపండి. హోరు వెనక్కి పోతే టైరే. రోడ్డు మారగానే, అంటే కొత్త తారు మీద ఒకలా, గరుకు రోడ్డు మీద ఇంకోలా వినిపించినా అనుమానం టైరు మీదే. అలా అరిచే టైరు మీద అరచెయ్యి అటూ ఇటూ రుద్దితే చాలాసార్లు రంపం పళ్లలా తగులుతుంది. నేను ఈ పని ముందే చేసుంటే రెండు టైర్ల డబ్బు మిగిలేది.

ఇక మీ టకటక. ఖాళీ స్థలంలో స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పి, బండిని మెల్లగా గుండ్రంగా తిప్పండి. తర్వాత రెండో పక్కకి. తిరిగేటప్పుడు లెక్కగా టక్ టక్‌మంటుంటే యాక్సిల్ (ఇంజన్ బలాన్ని చక్రానికి చేర్చే రాడ్డు) బయటి జాయింటు, అంటే చక్రం వైపుది. ఎక్కువగా మలుపుకు బయటి వైపున్న చక్రానిదే. చక్రం వెనక ఆ జాయింటుకు తొడిగిన రబ్బరు బూటు చూడండి. చిరిగి, రిమ్ము లోపలి వైపు గ్రీజు చిమ్మి ఉంటే కారణం దొరికినట్టే. శబ్దం మొదలు కాకముందే పట్టుకుంటే బూటు, గ్రీజుతో సరిపోతుంది. మొదలయ్యాక మాత్రం జాయింటు మార్చాల్సిందే.

గతుకుల్లో లొడలొడమంటే అది వేరే కథ, సస్పెన్షన్‌లోని లింక్ రాడ్డో లోయర్ ఆర్మ్ బుష్షో (రబ్బరు ముక్క) అయ్యుంటుంది.

వీటన్నిటికంటే ముందు వీల్ నట్లు బిగుతుగా ఉన్నాయో లేదో చూడండి, ఈమధ్య పంక్చర్ వేయించి ఉంటే మరీ. జాకీ ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ఆడుతుంటే హైవే ఎక్కకండి, మేస్త్రీనే ఇంటికి పిలిపించండి.

అన్నట్టు, ఒకసారి చీమకుర్తి నుంచి వస్తుంటే చక్రంలో ఇనుము గీరుతున్నట్టు భయంకరమైన శబ్దం. బేరింగ్ ముక్కలైపోయిందని చెమటలు పట్టాయి. చూస్తే బ్రేక్ డిస్కుకీ దాని వెనక రేకుకీ మధ్య చిన్న గ్రానైట్ ముక్క. కాసేపు ఆగి, డిస్కు చల్లారాక స్క్రూడ్రైవర్‌తో రేకును కొద్దిగా వంచితే రాలిపోయింది.