పెరట్లో పట్టాలు, ఆదివారం అతిథులు: పూచీ ఎవరిది?

ప్రశ్న: మేము ఇంగ్లండ్‌లో డెర్బీ దగ్గర ఉంటున్నాం. ఈమధ్య మేము కొన్న ఇంటి వెనుక తోటలో ఏడుంపావు అంగుళాల గేజి (రెండు పట్టాల మధ్య దూరం) ఉన్న పట్టాలు ఉన్నాయి. ఇల్లు అమ్మిన పెద్దాయన ఏటా వేసవిలో ఒక ఆదివారం చిన్న రైళ్ల అభిమానులను పిలిచేవారట. వాళ్లు తమ ఆవిరి ఇంజన్లు తెచ్చుకొని నడిపేవారు, వెనుక ట్రాలీల మీద పిల్లలను ఎక్కించుకొని తిప్పేవారు. ఆ ఆనవాయితీని కొనసాగించమని ఇప్పుడు మమ్మల్ని అడుగుతున్నారు. మాకు తెలిసిన తెలుగు కుటుంబాలను కూడా పిలవాలని ఉంది. దీనికి రైల్వే అధికారుల అనుమతి కావాలా? గేటు దగ్గర ‘ఎవరి పూచీ మీద వారు ఎక్కవలెను’ అనే అర్థంతో పాత బోర్డు ఒకటి ఉంది, అది చాలదా? ఖర్చులకు డబ్బా పెట్టవచ్చా? పక్కింటావిడ పొగ గురించి ఇప్పటికే గొణుగుతున్నారు.

జవాబు: మీరు మొదట అడిగిన అనుమతి సంగతి తేలికగా తేలిపోతుంది. 1992 నాటి ట్రాన్స్‌పోర్ట్ అండ్ వర్క్స్ చట్టం 67వ సెక్షన్ ప్రకారం గేజి కనీసం 350 మిల్లీమీటర్లు ఉంటేనో, పట్టాలు వాహనాలు తిరిగే రోడ్డును దాటితేనో తప్ప అది రైల్వే అనిపించుకోదు. ఏడుంపావు అంగుళాలంటే 184 మిల్లీమీటర్లే. కెంట్ తీరంలోని రోమ్నీ, హైత్ అండ్ డిమ్‌చర్చ్ రైలు కూడా చూపుకు బొమ్మ రైలులాగే ఉంటుంది గాని, దాని గేజి 15 అంగుళాలు, అంటే 381 మిల్లీమీటర్లు. అందువల్ల అది చట్టం చెప్పే రైల్వే అవుతుంది, మీది కాదు.

ప్లానింగ్ అనుమతి విషయంలోనూ ఏడాదికొక ఆదివారానికి ఇబ్బంది ఉండదు. ఇంటి ఆవరణను ఆ ఇంట్లో ఉండేవారి అనుభవానికి అనుబంధంగా వాడుకోవడం, అనుమతి అవసరమైన అభివృద్ధి పని కిందికి రాదని 1990 నాటి టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ చట్టం 55వ సెక్షన్ చెబుతోంది, సరదా కోసం నడిపే రైలు అందులో ఇమిడిపోతుంది. అయితే ‘ఏడాదికి 28 రోజులదాకా ఏమైనా చేసుకోవచ్చు’ అని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆ వెసులుబాటు ఖాళీ భూములకే గాని ఇంటి ఆవరణకు వర్తించదు. వారం వారం టిక్కెట్లు పెట్టి నడిపితే అది స్థలం వాడకాన్ని మార్చడమే అవుతుంది, అప్పుడు కౌన్సిల్‌కు దరఖాస్తు చేసుకోవలసిందే.

కాబట్టి మీరు ఆలోచించవలసినది అనుమతి గురించి కాదు, బాధ్యత గురించి. 1957 నాటి ఆక్యుపయర్స్ లయబిలిటీ చట్టం కింద ఆ తోట మీద అదుపు ఉన్నవారు మీరు, మీరు రమ్మన్నవారంతా మీ అతిథులు. ఏ పనికి పిలిచారో ఆ పనికి ఆ స్థలాన్ని వాడుకునేటప్పుడు వారికి సహేతుకమైన భద్రత ఉండేలా పరిస్థితులను బట్టి తగిన జాగ్రత్త తీసుకోవడం మీ విధి. ఎలాంటి ప్రమాదమూ జరగదని హామీ ఇమ్మని చట్టం అడగదు, కాని పిల్లలు పెద్దలకన్నా తక్కువ జాగ్రత్తగా ఉంటారని లెక్కవేసుకోమని అదే చట్టం విడిగా చెబుతోంది. అలాగని చిన్నపిల్లల భారమంతా మీ నెత్తినే పడదు. 1955లో ఫిప్స్ కేసులో అయిదేళ్ల పిల్లవాడు అక్కతో కలిసి బ్లాక్‌బెర్రీలు ఏరుకోవడానికి వెళ్లి కందకంలో పడ్డాడు. అంత చిన్నవాళ్లను ఒంటరిగా పంపని వివేకం తల్లిదండ్రులకు ఉంటుందని భూమి యజమాని అనుకోవడంలో తప్పు లేదని కోర్టు తేల్చింది. అందుచేత పిల్లల పక్కన పెద్దవారు ఉండాలన్న షరతును ఆహ్వానంలోనే రాయండి.

ఇక ఆ బోర్డు సంగతి. వ్యాపారం కాని ఆవరణలో యజమాని తన విధిని నోటీసు ద్వారా పరిమితం చేసుకోవడానికి 1957 చట్టం సూత్రప్రాయంగా చోటిస్తుంది. అదే వ్యాపారంగా నడిపితే, నిర్లక్ష్యం వల్ల కలిగే మరణానికీ గాయానికీ బాధ్యత తప్పించుకునే నోటీసు చెల్లదని 1977 నాటి అన్‌ఫెయిర్ కాంట్రాక్ట్ టర్మ్స్ చట్టం, 2015 నాటి కన్స్యూమర్ రైట్స్ చట్టం స్పష్టం చేశాయి. మీది వ్యాపారం కాదు కదా అని ధీమా పడకండి. చదవడం రాని ఆరేళ్ల పాప విషయంలో ఆ బోర్డును అడ్డం పెట్టుకోవడానికి ఏ వకీలూ ఉత్సాహపడడు. పైగా, హెచ్చరిక వల్ల అతిథి నిజంగా సురక్షితంగా ఉండగలిగితేనే అది విధిని నెరవేర్చినట్టు. ‘ఎవరి పూచీ వారిదే’ అనే మాట ఎవరినీ కాపాడదు. ‘ట్రాలీకి రెండువైపులా కాళ్లు ఫుట్‌బోర్డు మీదే ఉంచండి, రైలు ఆగేదాకా దిగకండి, పాయింట్ల (రైలు ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్లే చోటు) దగ్గర చేతులు పెట్టకండి’ అని రాసి, ఎక్కించే ముందు నోటితో కూడా చెబితే కాపాడుతుంది. నా మాట వింటే పాత బోర్డు తీసేసి ఇది పెట్టండి.

పట్టాలు మీవి, ఇంజన్లు వారివి. కుళ్లిన స్లీపరు (పట్టాల కింది అడ్డదుంగ) మీద పట్టా కుంగి ట్రాలీ ఒరిగితే మొదట అడిగేది మిమ్మల్నే. వంపులో అతివేగంగా తోలి ఒరిగిస్తే అడిగేది ఆ డ్రైవర్‌ను, కాని అతనికి పిల్లలను అప్పగించింది మీరే గనుక మీరూ జవాబు చెప్పుకోవలసి రావచ్చు. ఆ అభిమానుల బృందానికి పేరూ బ్యానరూ ఉన్నా, కంపెనీగా నమోదు కాకపోతే చట్టం దృష్టిలో దానికంటూ వేరే వ్యక్తిత్వం ఉండదు, దావా పడేది మనుషుల మీదే. అందుకని ఆ ఉదయం గేటు తెరిచే ముందు లైన్ పొడవునా నడిచి, పట్టాలను కలిపే ఫిష్‌ప్లేట్ల బోల్టులు, స్లీపర్లు, పాయింట్లు చూసి, ఎవరు చూశారో ఎన్ని గంటలకో ఒక పుస్తకంలో రాసి సంతకం చేయించండి.

ఆవిరి ఇంజన్ తెచ్చే ప్రతివారి దగ్గరా బాయిలర్ సర్టిఫికెట్ అడగండి. కొత్త బాయిలర్‌ను పనిచేసే పీడనానికి రెట్టింపు నీటి ఒత్తిడితో, తర్వాతి పరీక్షల్లో ఒకటిన్నర రెట్లతో చూస్తారు. ఆవిరి పరీక్షలో సేఫ్టీ వాల్వు తెరుచుకున్నాక పీడనం పదిశాతానికి మించి పెరగకూడదు. పని స్థలాలకు వర్తించే 2000 నాటి ప్రెషర్ సిస్టమ్స్ నిబంధనలు మీ అతిథుల సొంత సరదాకు వర్తించవు గనుక ఈ పరీక్షలు చట్టం విధించినవి కావు, మోడల్ ఇంజనీరింగ్ క్లబ్బులు తమకు తాము పెట్టుకున్నవి. అయినా ప్రమాదం జరిగితే ‘ఈ రంగంలో తెలిసినవారు ఏం చేస్తారు’ అనే కొలతతోనే కోర్టు చూస్తుంది. సర్టిఫికెట్ మరిచిపోయి వచ్చినవారు ఎంత పాత మిత్రులైనా ఆ రోజు ఇంజన్ వెలిగించకూడదు. ఇక్కడ మొహమాటం పనికిరాదు.

బీమా విషయంలో మీ ఇంటి పాలసీలో ఆవరణ యజమానిగా మీ బాధ్యతకు రక్షణ ఉండవచ్చు, కాని యంత్రంతో నడిచే వాహనాలను మినహాయించే వాక్యం కూడా ఉండవచ్చు. బీమా సంస్థకు తోట, పట్టాలు, ప్రయాణికుల ట్రాలీలు, అతిథుల సంఖ్య అన్నీ రాసి, వర్తిస్తుందని రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఫోన్లో చెప్పిన మాటకు విలువ లేదు. వచ్చేవారి క్లబ్బుకు పబ్లిక్ లయబిలిటీ పాలసీ ఉంటే అది ప్రైవేటు తోటలో జరిగే సమావేశానికి కూడా వర్తిస్తుందో లేదో వారి చేత అడిగించండి.

డబ్బా పెట్టడం తప్పు కాదు. ఇష్టమైనవారు వేసే చందా, ఖర్చులు పంచుకోవడం ఒకటి, గేటు దగ్గర తలకింత అని వసూలు చేయడం మరొకటి. రెండోదానితో వ్యాపారమన్న వాదనకూ, బీమా సంస్థ అభ్యంతరానికీ దారి తెరిచినట్టే. ఎవరికైనా కూలి ఇచ్చి రైలు నడిపిస్తే అది పని అవుతుంది, దానితోపాటు పని స్థలాల భద్రతా చట్టాలు వస్తాయి. బిర్యానీతోపాటు బీరు ఊరికే పోస్తే లైసెన్సు అక్కర్లేదు. అమ్మితే మాత్రం కనీసం పది పనిదినాల ముందు కౌన్సిల్‌కు టెంపరరీ ఈవెంట్ నోటీసు ఇచ్చి 21 పౌండ్లు కట్టాలి.

పక్కింటావిడ విషయంలో ఒక చిత్రమైన నిబంధన ఉంది. 1990 నాటి ఎన్విరాన్‌మెంటల్ ప్రొటెక్షన్ చట్టం 79వ సెక్షన్ పొగను న్యూసెన్స్ అంటూనే, రైల్వే ఆవిరి ఇంజన్ పొగను మినహాయించింది. గేజి చిన్నది గనుక రైల్వే కాదని ఒకచోట వాదించి, పొగ దగ్గరకు వచ్చేసరికి రైల్వేయేనని వాదించడం మీకు శోభించదు, కోర్టుకూ నచ్చకపోవచ్చు. పైగా ఈ మినహాయింపు ఆమె సొంతంగా వేయగల ప్రైవేట్ న్యూసెన్స్ దావాను ఆపదు. ఆ దావాలో ఎంత తరచుగా, ఎంతసేపు, ఎలాంటి ప్రాంతంలో అన్నవే చూస్తారు గనుక ఏడాదికొక మధ్యాహ్నం మీద నెగ్గడం ఆమెకు కష్టం. అయినా తేదీ ముందే చెప్పి, ఆమె బట్టలు ఆరవేసే వైపు ఇంజన్లు వెలిగించకుండా చూసి, ఈలలు తగ్గించి, వీలైతే ఆమెనూ పిలవండి. మీ ఇంటి టైటిల్ రిజిస్టర్‌లో (యాజమాన్య హక్కు నమోదు పత్రంలో) పొరుగువారికి ఇబ్బంది కలిగించరాదన్న నిబంధన ఉందేమో కూడా చూసుకోండి.

ఇదంతా ఇంగ్లండ్‌కు వర్తించే సమాధానం. స్కాట్లండ్‌లో ఆవరణ యజమాని బాధ్యతకు 1960 నాటి వేరే చట్టం ఉంది. ఇంగ్లండ్‌లో గాయం మీద దావాకు సాధారణ గడువు మూడేళ్లు. పిల్లల విషయంలో ఆ గడువు వారికి పద్దెనిమిదేళ్లు నిండాకే మొదలవుతుంది గనుక, పట్టాలు చూసి సంతకాలు పెట్టించిన ఆ పుస్తకాన్ని, సర్టిఫికెట్ల నకళ్లను, బీమా ఉత్తరాన్ని ఆ రోజు ఎక్కిన అతి చిన్న పాపకు ఇరవై ఒకటో ఏడు నిండేదాకా భద్రపరచండి.