పానా పట్టే ముందు: పాత మోటారు సైకిళ్ల మీద పాఠకుల ప్రశ్నలు

ఈసారి ప్రశ్నల్లో ఎక్కువ 97.2 సీసీ ఇంజిను ఉన్న పాత హీరో హోండా బళ్లవే. స్ప్లెండర్, సీడీ 100 ఉన్నవాళ్లందరికీ ఈ జవాబులు పనికొస్తాయి. ఒక బుల్లెట్ ప్రశ్న కూడా ఉంది.

ప్రశ్న: మాది 2002 స్ప్లెండర్. నాలుగు నెలలు కదలకుండా షెడ్డులో ఉంది. ఇప్పుడు చోక్ వేస్తే స్టార్టవుతోంది, తీయగానే ఆగిపోతోంది. కార్బొరేటర్ స్క్రూలు అటూ ఇటూ తిప్పి చూశాను, లాభం లేదు. కొత్త కార్బొరేటర్ వేయించాలా? (నంద్యాల)

వద్దు. చోక్ మీద నడుస్తోందంటే ప్లగ్ దగ్గర కరెంటు ఉంది, పెట్రోలూ దిగుతోంది. చోక్ గాలిని తగ్గించి పెట్రోలు పాళ్లు పెంచుతుంది. అది తీయగానే ఆగుతోందంటే మామూలుగా రావాల్సిన పెట్రోలు రావడం లేదన్నమాట. నాలుగు నెలలు నిలిచిన బండిలో ఇలా జరిగితే పదింట తొమ్మిదిసార్లు స్లో జెట్టే (యాక్సిలరేటర్ ఇవ్వనప్పుడు ఇంజిన్‌కి పెట్రోలు పంపే సన్నటి ఇత్తడి భాగం) మూసుకుపోయి ఉంటుంది. దాని రంధ్రం వెంట్రుక కంటే కాస్త లావు, అంతే. గిన్నెలో మిగిలిన పెట్రోలు ఆవిరైపోయి, జిగురు లాంటి పొర ఆ రంధ్రంలో గట్టిపడుతుంది.

విప్పేముందు ఒక పని చేయండి. పెట్రోలు ట్యాప్ కట్టేసి, కార్బొరేటర్ గిన్నె అడుగునున్న డ్రైన్ స్క్రూ వదులు చేసి, వచ్చినదాన్ని గాజు సీసాలో పట్టండి. అయిదు నిమిషాలు కదపకుండా పెట్టి వెలుతురులో చూడండి. అడుగున గుండ్రటి బొట్లు పాదరసంలా దొర్లుతున్నా, కింద ఒక మసక పొర విడిగా తేలినా అది నీళ్లే. ఇప్పుడు బంకుల్లో పోస్తున్న పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది గాలిలో తేమను లాక్కుంటుంది. తేమ ఒక హద్దు దాటితే నీళ్లూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు దిగుతాయి. అడుగు నుంచే కార్బొరేటర్‌కి పైపు వెళ్తుంది కాబట్టి మొదట వచ్చేది ఆ నీళ్లే. సీసాలో నీళ్లు కనిపిస్తే కార్బొరేటర్ ఎన్నిసార్లు కడిగినా వృథా. ముందు ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, లోపలికి టార్చి వేసి తుప్పు ఉందేమో చూడండి. ట్యాప్‌కి ఉన్న చిన్న జల్లెడ కూడా కడగాలి. ఇదంతా ఆరుబయట, ఇంజిను చల్లగా ఉన్నప్పుడు, దగ్గర్లో పొయ్యీ సిగరెట్టూ లేకుండా చేయాలి. తీసిన పెట్రోలు మోరీలో పోయకండి.

తర్వాత గిన్నె స్క్రూలు. వీటి తలలు మెత్తటివి, సరిపోని స్క్రూ డ్రైవర్ పెడితే ఒక్క తిప్పుకే అరిగిపోతాయి. 2వ నంబరు స్టార్ స్క్రూ డ్రైవర్ నిలువుగా ఆనించి, దాని వెనక సుత్తితో ఒక్క దెబ్బ మెల్లగా కొట్టి, గట్టిగా నొక్కి తిప్పండి. గిన్నె తీస్తే ఇత్తడి జెట్లు రెండు కనిపిస్తాయి: మధ్యలో పెద్దది మెయిన్, పక్కన లోతుగా ఉన్నది స్లో. వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే రంధ్రం గుండ్రంగా చుక్కలా మెరవాలి. మెరవకపోతే కార్బొరేటర్ క్లీనర్ కొట్టి పావుగంట నానబెట్టి గాలి ఊదించండి. అప్పటికీ రాకపోతే వైరులోని ఒక్క రాగి పోగు దూర్చవచ్చు. గుండుసూది, ఇనుప తీగ మాత్రం ఎప్పుడూ పెట్టకండి. రంధ్రం పిసరంత పెద్దదైనా మైలేజీ పోతుంది, అది మళ్లీ చిన్నది కాదు. కొన్ని కార్బొరేటర్లలో స్లో జెట్ ఊడి రాకుండా బిగించి ఉంటుంది. వాటికి స్ప్రే, గాలి తప్ప మార్గం లేదు. గిన్నె రబ్బరు రింగు ఉబ్బినా, చిట్లినా కొత్తది వేయండి. పాత రబ్బరు భాగాలను ఇథనాల్ తొందరగా పాడు చేస్తుంది కాబట్టి పెట్రోలు పైపును కూడా వంచి చూడండి. పగుళ్లు కనిపిస్తే మార్చండి.

మీరు తిప్పేసిన స్క్రూల సంగతి. గాలి స్క్రూ మెల్లగా లోపలికి తిప్పి, ఆనగానే ఆపండి. బిగిస్తే దాని మొన మీద గీత పడుతుంది, ఇక ఎంత సర్దినా స్లో, అంటే బండి నిలిచి ఉన్నప్పుడు ఇంజిన్ తిరిగే వేగం, సరిగ్గా నిలవదు. అక్కణ్నుంచి ఒకటిన్నర చుట్టు వెనక్కి తీయండి. బండిని పది నిమిషాలు నడిపి, వేడెక్కాక స్లో స్క్రూ కాస్త పెంచండి. గాలి స్క్రూ పావు చుట్టు చొప్పున రెండు వైపులా తిప్పుతూ ఎక్కడ శబ్దం హెచ్చుగా, నిలకడగా ఉందో అక్కడ వదిలేసి, స్లో మళ్లీ తగ్గించండి. ఈ ఇంజిన్ స్లో నిమిషానికి సుమారు 1,400 చుట్లు ఉండాలి.

ప్రశ్న: ఇంజిన్ పైభాగంలో టకటక చప్పుడు. ట్యాపెట్లు టైటు చేస్తే పోతుందన్నారు. ఇంట్లో చేసుకోవచ్చా? (జనగామ)

చేసుకోవచ్చు. కానీ "చప్పుడు పోయేదాకా టైటు చేయడం" మాత్రం ఇంజిన్‌ని చంపే పద్ధతి. కొద్దిపాటి టిక్‌టిక్ ఉండాలి. ట్యాపెట్ అంటే వాల్వును నొక్కే రాకర్ చివరనున్న స్క్రూ. దానికీ వాల్వుకీ మధ్య సందు మరీ తక్కువైతే వేడికి భాగాలు సాగినప్పుడు వాల్వు పూర్తిగా మూసుకోదు. మూసుకున్నప్పుడే వాల్వు తన వేడిని హెడ్‌కి ఇచ్చి చల్లబడుతుంది. ఆ అవకాశం లేకపోతే అంచు కాలిపోతుంది, కంప్రెషన్ పడిపోతుంది. ఉదయం బాగానే స్టార్టయి, వేడి మీద ఆపితే మళ్లీ కిక్కులు తినే బండి ఉంటే ముందు ట్యాపెట్లు బిగుసుకున్నాయేమో చూడండి.

రాత్రంతా ఆపి ఉంచిన బండికే ఈ పని చేయాలి. ప్లగ్ తీసేయండి, ఇంజిన్ తేలిగ్గా తిరుగుతుంది. హెడ్ మీద ఉన్న రెండు ట్యాపెట్ మూతలు, ఎడమ కవరుకున్న రెండు మూతలు విప్పండి. కవరు మధ్య రంధ్రంలోంచి బాక్సు పానాతో ఇంజిన్‌ని ఎడమవైపుకు, అంటే గడియారానికి ఎదురు దిశలో తిప్పుతూ, పై రంధ్రంలో 'టి' గీత కవరు గుర్తుకు ఎదురుగా వచ్చేలా ఆపండి. ఇప్పుడు రెండు రాకర్లనూ వేళ్లతో కదిపి చూడండి. రెండూ పిసరంత ఆడితే సరైన చోటు. ఒకటి బిగిసి ఉంటే ఇంకో పూర్తి చుట్టు తిప్పండి. ఈ ఒక్క పరీక్ష వదిలేసి సందు పెట్టినవాళ్లే ఎక్కువ చెడగొట్టుకుంటారు.

రెండు వాల్వులకూ సందు 0.05 మి.మీ. ఆ మందం ఉన్న ఫీలర్ రేకు (సందు కొలిచే పలుచటి పట్టీ) సందులో కదులుతూనే కాస్త పట్టినట్టు అనిపించాలి. నూనె పూసిన రెండు కాగితాల మధ్య నుంచి ఒకదాన్ని లాగినట్టు ఉంటుంది. లాక్ నట్ బిగించేటప్పుడు స్క్రూ కూడా తిరిగిపోతుంది కాబట్టి, దాన్ని కదలకుండా పట్టుకుని బిగించి, రేకు మళ్లీ పెట్టి చూడండి. మొదటిసారే సరిపోవడం అరుదు, రెండు మూడుసార్లు చేయాల్సి వస్తుంది.

సందు సరిగా ఉన్నా ఎడమ పక్క నుంచి గొలుసు ఈడ్చినట్టు గరగర వినిపిస్తే అది ట్యాపెట్ కాదు, టైమింగ్ చైన్. అది వేరే పని.

ప్రశ్న: ఇంజిన్ ఆయిల్ ఎంత పోయాలి? కారు ఆయిల్ మిగిలింది, వాడొచ్చా? డ్రైన్ బోల్టు దగ్గర చెమ్మ కూడా ఉంది. (అమలాపురం)

మార్చేటప్పుడు 900 మి.లీ. రకం 10డబ్ల్యు-30, డబ్బా మీద 'జాసో ఎంఏ' (ఆయిల్లో మునిగిన క్లచ్‌కి పనికొస్తుందనే గుర్తు) అని ఉండాలి. కారు ఆయిల్ వద్దు. ఈ బళ్లలో క్లచ్ ప్లేట్లు కూడా అదే ఆయిల్లో మునిగి తిరుగుతాయి. కారు ఆయిళ్లలో రాపిడి తగ్గించడానికి కలిపే పదార్థాల వల్ల క్లచ్ జారుతుంది: ఇంజిన్ అరుస్తుంది, బండి కదలదు.

డిప్‌స్టిక్ మర తిప్పి చూడకండి. తుడిచి, రంధ్రంలో ఆనించి తీయాలంతే. మర తిప్పితే ఆయిలు ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. రెండున్నర, మూడు వేల కిలోమీటర్లకోసారి మార్చండి. నడుమ ప్రతి పదిహేను రోజులకూ మట్టం చూసుకోండి.

చాలామందికి తెలియని సంగతి ఒకటి చెప్పాలి. కారుకు ఉన్నట్టు ఈ ఇంజిన్‌కి కాగితం ఫిల్టరు లేదు. కుడి కవరు లోపల, క్రాంకుతో పాటే తిరిగే ఒక గిన్నె ఉంటుంది. తిరిగే వేగానికి మలినాలు దాని గోడకు విసిరినట్టు వెళ్లి అతుక్కుంటాయి. అడుగున చిన్న జల్లెడ కూడా ఉంటుంది. సుమారు 12,000 కి.మీ.కి ఒకసారి కవరు తీసి ఈ రెండూ కడగాలి. ఇరవై ఏళ్ల బండిలో మొదటిసారి విప్పితే ఆ గిన్నె గోడకు నల్లటి మట్టి ముద్దలా పేరుకుని ఉంటుంది, గోటితో గీస్తే గీత పడుతుంది. ఆయిల్ ఎంత తరచుగా మార్చినా ఆ ముద్ద పోదు. కవరు గాస్కెట్ కొత్తది ముందే తెచ్చుకుని మొదలుపెట్టండి.

చెమ్మ గురించి: డ్రైన్ బోల్టు కింద ఉండే వాషర్ ప్రతిసారీ మార్చాలి. చెమ్మ కనిపించిందని బోల్టును ఇంకా బిగించడమే అసలు ప్రమాదం. కేసింగ్ అల్యూమినియం, బోల్టు ఉక్కు. మర పోయేది కేసింగ్‌దే. కొత్త వాషర్ ఆనాక పొట్టి పానాతో మరో పావు చుట్టు చాలు. మర ఇప్పటికే పోయి ఉంటే ఎం-సీల్ పూయడం, దారం చుట్టడం వద్దు, లేత్ షాపులో హెలికాయిల్ (పోయిన మర స్థానంలో కూర్చోబెట్టే తీగ చుట్ట) వేయించండి. నడిరోడ్డు మీద ఆ బోల్టు ఊడితే నిమిషాల్లో ఇంజిన్ పట్టేస్తుంది.

ప్రశ్న: చైన్ ఎంత వదులుండాలి? వాడేసిన ఇంజిన్ ఆయిల్ పూయవచ్చా? (గుంతకల్లు)

మధ్య స్టాండు వేసి, కింది చైన్ మధ్యలో పైకీ కిందికీ ఆడిస్తే 25 నుంచి 30 మి.మీ., అంటే సుమారు అంగుళం. ఒక్కచోట చూసి సరిపెట్టకండి. చక్రాన్ని చేత్తో తిప్పుతూ నాలుగైదు చోట్ల చూసి, అన్నిటికంటే బిగుతుగా ఉన్నచోట ఆ కొలత పెట్టండి. ఒకచోట బిగుతు, ఒకచోట వేలాడుతూ ఉంటే చైన్ అసమానంగా సాగిందని అర్థం. చైను, రెండు స్ప్రాకెట్లు కలిపే మార్చాలి. చైన్ ఒక్కటే మారిస్తే పాత పళ్లు కొత్తదాన్ని తినేస్తాయి. సర్దేటప్పుడు రెండు పక్కలా గుర్తులు సమానంగా ఉండాలి. లాక్ క్లిప్పు మూసి ఉన్న వైపు చైన్ నడిచే దిక్కుకు పెట్టాలి. చక్రం వెనక్కి జరిగాక బ్రేకు కూడా బిగుసుకుంటుంది, అదీ వదులు చేసుకోండి.

వాడిన ఆయిల్లో ఇనుప రజను ఉంటుంది, పూయవద్దు. కిరోసిన్‌తో తుడిచి, ఆరాక 90 నంబరు గేరు ఆయిల్ లోపలి అంచున బొట్లుగా వేయండి. చక్రం చేత్తోనే తిప్పాలి. ఇంజిన్ స్టార్ట్ చేసి గేరులో పెట్టి గుడ్డతో తుడవడంలో వేళ్లు పోగొట్టుకున్నవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి.

ప్రశ్న: పాత ఇనుప ఇంజిన్ బుల్లెట్ 350. కిక్కు వెనక్కి తంతోంది, మోకాలు వాచింది. (నెల్లూరు)

ముందు బండిని స్టార్ట్ చేయడం ఆపండి. కిక్కు తంతోందంటే పిస్టన్ పైకి చేరడానికి మరీ ముందే నిప్పు రవ్వ పడుతోంది. టైమింగ్ (నిప్పు రవ్వ పడే సమయం) తిప్పే ముందు పాయింట్ల సందు చూడండి. పాయింట్లు తెరుచుకున్నప్పుడే రవ్వ పడుతుంది. ఆ సందు 0.35 నుంచి 0.40 మి.మీ. ఉండాలి. సందు పెరిగితే పాయింట్లు ముందుగా తెరుచుకుంటాయి, అంటే టైమింగ్ దానంతటదే ముందుకు జరుగుతుంది. సందు సరిచేయకుండా టైమింగ్ పెడితే రెండు తప్పులు కలిసిపోతాయి.

సందు సరిగానే ఉంటే పాయింట్లను తెరిచే క్యామ్‌ని వేళ్లతో పట్టి, అది తిరిగే దిశలోనే కాస్త తిప్పి వదలండి. చటుక్కున వెనక్కి రావాలి. బద్ధకంగా వచ్చినా, అక్కడే నిలిచినా అడ్వాన్సు బరువులు (వేగం పెరిగితే రవ్వను ముందుకు జరిపేవి) జామ్ అయ్యాయి, లేదా స్ప్రింగులు సాగాయి. వేగంగా వెళ్లేటప్పుడు ఉండాల్సిన అడ్వాన్సు కిక్కు కొట్టేటప్పుడే ఉంటోంది. కడిగి, సన్నటి నూనె ఒక్క బొట్టు వేయండి. స్ప్రింగులు సాగితే రెండూ మార్చండి.

తర్వాత కిక్కు కొట్టే తీరు. తాళం తిప్పి ఆన్ చేసి, కిక్కు గట్టిగా అడ్డుకునేదాకా మెల్లగా నొక్కండి. డీకంప్రెసర్ లివర్ (సిలిండర్‌లోని ఒత్తిడి వదిలేది) పట్టుకుని అమ్మీటర్ (కరెంటు చూపే మీటరు) ముల్లు చూస్తూ ఇంకాస్త దించండి. ఎడమ వైపు వాలి ఉన్న ముల్లు మధ్యకు వచ్చిందంటే పాయింట్లు తెరుచుకున్నాయి, పిస్టన్ పైస్థానం దగ్గరికి వచ్చింది. లివర్ వదిలి, కిక్కును పూర్తిగా పైకి రానిచ్చి, పాదం మధ్య భాగంతో చివరిదాకా ఒక్కసారిగా నొక్కండి. సగంలో ఆపే కిక్కే తంతుంది. బ్యాటరీ నీరసంగా ఉంటే ముల్లు కదలదు, కాబట్టి ముందు దాన్ని చార్జి చేయించుకోండి.

ప్రశ్న: సైలెన్సర్ నుంచి నీలి పొగ. బోరు కొట్టించాలన్నారు. నిజమేనా? (ఖమ్మం)

పొగ ఎప్పుడు వస్తోందో చూడకుండా బోరు (సిలిండర్ లోపలి గోడను చెక్కి పెద్దది చేయడం) అనడం తొందరపాటు. ఉదయం స్టార్ట్ చేయగానే ఒక్క గుప్పెడు వచ్చి ఆగితే, లేదా సిగ్నల్ దగ్గర స్లోలో ఉంచి యాక్సిలరేటర్ ఇవ్వగానే వస్తే, వాల్వు సీళ్ల మీద అనుమానం. హెడ్ పని చాలు, ఖర్చు తక్కువ. గట్టు ఎక్కేటప్పుడు, ఇద్దరు కూర్చున్నప్పుడు ఆగకుండా వస్తుంటే రింగులు, బోరు.

గట్టి రుజువు కావాలంటే కంప్రెషన్ గేజ్ ఉన్న మెకానిక్ దగ్గర ముందు మామూలుగా చూపించి, తర్వాత ప్లగ్ రంధ్రంలో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూపించండి. ఆయిల్ పోశాక రీడింగు బాగా పెరిగితే రింగుల దగ్గరే లీకు. పెరగకపోతే వాల్వులు. బోరు తప్పదని తేలితే 0.25 మి.మీ. పెద్ద పిస్టన్‌తో సరిపోతుందేమో అడగండి. నేరుగా 0.50కి వెళ్తే ఒక అవకాశం వృథా. పిస్టన్ ముందు కొని, దాన్ని కొలిచి, దానికి తగ్గట్టే బోరు కొట్టమనండి.

చలికాలం ఉదయం తెల్లగా వచ్చి, ఇంజిన్ వేడెక్కగానే పోయేది నీటి ఆవిరి. దానికి ఏ రిపేరూ అక్కర్లేదు.

ప్రశ్న: చాలాకాలం నిలిపిన బండి బ్రేకులు బిగిస్తే సరిపోతుందా? (శ్రీకాకుళం)

సరిపోదు, చక్రం విప్పి చూడాల్సిందే. ఏళ్ల తరబడి తేమలో ఉంటే బ్రేకు షూ మీద లైనింగును పట్టి ఉంచిన జిగురు వదులుతుంది. అది ఊడి డ్రమ్ములో ఇరుక్కుంటే చక్రం ఒక్కసారిగా పట్టేస్తుంది. లైనింగు అంచున గోరు దూరినా, మందం 2 మి.మీ. కంటే తగ్గినా షూలు మార్చండి. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, కాబట్టి ఆ పొడిని నోటితో ఊదకుండా తడిగుడ్డతో తుడవండి. బ్రేకు క్యామ్‌కి గ్రీజు బియ్యపు గింజంత చాలు. ఎక్కువైతే వేడికి కరిగి లైనింగు మీదకే పాకుతుంది.