కాలిఫోర్నియం ఆల్ఫాలు కొలవబోయే అమ్మాయికి

తార్నాక, హైదరాబాద్

అమ్మలూ,

కాలిఫోర్నియం-252 అనే రేడియోధార్మిక మూలకం మీద పని మొదలుపెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. "ఫిషన్‌లో వచ్చే ఆల్ఫాలు (హీలియం కేంద్రకాలు) లెక్కపెట్టడమేగా" అన్నావట. తంటా అంతా అక్కడే ఉంది.

ఆ కేంద్రకాలు 100 క్షయమైతే 97 దాకా విచ్ఛిత్తి (ఫిషన్, అంటే రెండుగా చీలడం) లేకుండానే ఆల్ఫా వదిలేస్తాయి, 6.1 ఎమ్‌ఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల) శక్తితో. విచ్ఛిత్తి అయ్యేవి మిగతా మూడే. అందులోనూ ఏ మూడొందల్లో ఒకదానికో రెండు ముక్కలతో పాటు ఆల్ఫా కూడా పుడుతుంది. నీకు కావలసింది అది. అంటే ఒక్కదాని కోసం దాదాపు పదివేల అక్కర్లేని ఆల్ఫాలు. లష్కర్ బోనాల డప్పుల్లో గుసగుస వినడమే.

అయితే విచ్ఛిత్తిలో పుట్టే ఈ ఆల్ఫా సగటు శక్తి 16 ఎమ్‌ఈవీ దగ్గర ఉంటుంది. డిటెక్టర్ ముందు 30 మైక్రాన్లకు కాస్త పైబడిన అల్యూమినియం రేకు పెడితే మామూలు ఆల్ఫాలూ, విచ్ఛిత్తి ముక్కలూ అందులోనే ఆగిపోతాయి. ఎలక్ట్రానిక్స్ గురించి టెన్షన్ పడేవాళ్లను చాలామందిని చూశాను, రేకు గురించి పడేవాళ్లు తక్కువ. ప్యాకెట్ మీద రాసిన మందం నమ్మకు. కొలిచి కత్తిరించి తూకం వెయ్యి. చదరపు సెంటీమీటరుకు 8.6 మిల్లీగ్రాములు తూగితే 32 మైక్రాన్లు. వంటింటి ఫాయిల్ మడతలు పెట్టొద్దు, మధ్యలో గాలి, ముడతలు మిగులుతాయి.

రేకు వెనక పలచటి సిలికాన్ డిటెక్టర్, దాని వెనక మందపాటిది పెట్టు. రెంటిలో వదిలిన శక్తుల్ని ఒకదానితో ఒకటి పోల్చి చూస్తే, విచ్ఛిత్తిలోనే వచ్చే ట్రైటాన్లు (హైడ్రోజన్-3 కేంద్రకాలు) ఆల్ఫాల నుంచి విడిపోతాయి. నీకు కావలసిన ఆల్ఫా, చీలిపోతున్న రెండు ముక్కల మధ్య సన్నబడిన మెడ దగ్గర పుట్టి, రెండువైపుల నుంచీ తోపుడు తిని ముక్కల దారికి ఇంచుమించు లంబంగా బయటికొస్తుంది. కాబట్టి ముక్కల డిటెక్టర్లు ఆల్ఫా డిటెక్టర్‌కు 90 డిగ్రీల్లో పెట్టి, అవీ ఆల్ఫా డిటెక్టరూ ఒకేసారి మోగినవే తీసుకో.

ఇక, రేకూ పలచటి డిటెక్టరూ దాటలేని తక్కువ శక్తి ఆల్ఫాలు నీకు కనబడవు. అందరూ అక్కడ గాసియన్ (గంట ఆకారపు) గీత పొడిగించేస్తారు. నిజానికి ఆ చివర గాసియన్ చెప్పేదానికంటే ఎక్కువే ఉంటాయి. హీలియం-5 విరిగి వచ్చినవీ అక్కడే చేరతాయి. ఎక్కడిదాకా కొలిచావో, ఎక్కడినుంచి ఊహించావో థీసిస్‌లో విడివిడిగా రాయి. గైడ్ విసుక్కున్నా సరే.

కాలిఫోర్నియం పూత తనంతట తానే చుట్టుపక్కల చిమ్ముతుంది. ఛాంబర్ తెరిచిన ప్రతిసారీ తుడిచి పరీక్ష చేయించు, సోర్స్ తీసేసి బ్యాక్‌గ్రౌండ్ కూడా చూడు. న్యూట్రాన్లకు ఆ రేకు అడ్డే కాదు. సేఫ్టీ ఆఫీసర్ లేకుండా సోర్స్ ముట్టుకోవద్దు.

రేకు తూకం వేశాక లెక్క నాకు పంపు.

మామయ్య