పై అంతస్తు షవర్‌కు పంపు కొనే ముందు పైపు దారి చూడండి

రెండంతస్తుల ఇంట్లో పై స్నానాల గది షవర్ నుంచి నీరు దారంలా వస్తోందనీ, వెయ్యి లీటర్ల ట్యాంకు తీసి రెండు వేల లీటర్లది పెట్టించాలా లేక ప్రెషర్ పంపు కొనాలా అనీ మీరు అడిగారు. ప్రస్తుతానికి రెండూ వద్దని నా సలహా. ట్యాంకు ఎంత పెద్దదన్న దానికీ ఒత్తిడికీ సంబంధమే లేదు. అందులోని నీటి మట్టం కుళాయికి ఎంత ఎత్తున ఉందన్నదే లెక్క. పది మీటర్ల ఎత్తుకు దాదాపు ఒక బార్, అంటే చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఒత్తిడి వస్తుంది. శ్లాబు మీద అయిదడుగుల దిమ్మెపై ట్యాంకు ఉందనుకుంటే, దాని అడుగు నుంచి పై అంతస్తు షవర్ దాకా ఉండేది రెండున్నర మీటర్లు, అనగా పావు బార్ మాత్రమే. కింది అంతస్తుకు మరో మూడు మీటర్లు కలిసివస్తాయి కనుకనే అక్కడివారికి ఈ బాధ తెలియదు. ఉన్నదే పావు బార్ అయినప్పుడు, అది దారిలో ఎక్కడ ఖర్చయిపోతోందో ముందుగా చూసుకోవాలి.

హైదరాబాదులోని మా ఇంట్లో ఇదే సమస్య వచ్చినప్పుడు, పంపులమ్మే దుకాణం మనిషి షవర్ వంక ఒక్కసారి చూసి ధర చెప్పేశాడు. మా పాత ప్లంబర్ మాత్రం మేడెక్కి, ట్యాంకు నుంచి బయలుదేరిన పైపు వెంబడే నడిచి, పిట్టగోడ దగ్గర ఆగారు. పైపు శ్లాబు మీదుగా వచ్చి, పిట్టగోడ ఎక్కి, అవతలి వైపు దిగుతోంది. “గాలి ఇక్కడ కూర్చుందండీ” అంటూ గోడ మీది యూనియన్‌ను, అంటే పైపులను కలిపే విప్పదగిన బిగింపును, పానాతో వదులు చేయగానే బుస్సుమని చప్పుడయింది; తరువాత దగ్గుతున్నట్టు తెరలు తెరలుగా నీరు, చివరకు నిండు ధార. ట్యాంకు ఖాళీ అయి మళ్లీ నిండిన ప్రతిసారీ ఆ ఎత్తులో గాలి చిక్కుకుని దారిని మూసేస్తోందన్నమాట. ఆయన పిట్టగోడ అడుగున రంధ్రం చేయించి, పైపు ఎక్కడా తిరిగి పైకి లేవకుండా దించి, ట్యాంకు పక్కనే నీటి మట్టం కన్నా ఎత్తుగా ఒక గాలి గొట్టం నిలబెట్టారు. కోసి తీసిన పాత ఇనుప పైపు ముక్కలో బోరు నీటి సున్నం పేరుకుని, పెన్సిలు దూరేంత సందే మిగిలింది. పైపు వ్యాసం సగానికి తగ్గితే అంతే నీటిని పంపడానికి ఘర్షణలో పోయే ఒత్తిడి ముప్పై రెట్ల దాకా పెరుగుతుంది కాబట్టి, ముప్పావు అంగుళం పైపు స్థానంలో స్నానాల గది గోడ వరకు అంగుళంపావు సిపివిసి ప్లాస్టిక్ పైపు వేయించాము.

మీ ఇంట్లో ఒక్క కుళాయే సన్నగా వస్తుంటే దాని మూతి జాలీని వెనిగర్‌లో నానబెట్టి కడిగితే సరిపోవచ్చు. వేడినీరు మాత్రమే తగ్గితే లోపం గీజర్ వైపు ఉన్నట్టు. పై అంతస్తంతా అలాగే ఉంటే ట్యాంకు కింది గేట్ వాల్వును అనుమానించండి. పిడి చక్కగా తిరుగుతూనే ఉంటుంది, లోపలి పలక మాత్రం తెగి అడ్డంగా పడి ఉంటుంది.

వీధి గొట్టం సంగతి వేరు. ఒక అంతస్తు ఇళ్లకు 7 మీటర్లు, రెండంతస్తులకు 12, మూడంతస్తులకు 17 మీటర్ల ఎత్తు నీటికి సమానమైన ఒత్తిడి అక్కడ మిగలాలని 1999 నాటి కేంద్ర ప్రభుత్వ నీటి సరఫరా మాన్యువల్ చెప్పింది. మా వీధిలో సంపు దాకా నీరు రావడమే గగనం, అందుకు సగం కారణం నల్లాకు నేరుగా మోటారు బిగించే పెద్దమనుషులే. వారి మోటారు లాగే లాగుడుకు పక్కింటి నల్లా ఎండిపోవడమే కాదు, గొట్టానికి ఎక్కడైనా పగులు ఉంటే చుట్టుపక్కల మురుగు కూడా లోపలికి చేరుతుంది. దీన్ని తెలివితేటలుగా చెప్పుకునేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇవన్నీ సరిచేశాక కూడా మీకు పళ్లెమంత వెడల్పు రెయిన్ షవరే కావాలంటే, పావు బార్‌తో అది తృప్తిగా కురవదు, అప్పుడు పంపు కొనండి. దాన్ని ట్యాంకు నుంచి దిగే లైనుకే బిగించాలి. పక్కనుంచి చెక్ వాల్వుతో (నీటిని ఒకే దిశలో వదిలే వాల్వు) ఒక బైపాస్, అంటే పంపును తప్పించి వెళ్లే పైపు, కూడా పెట్టించండి, లేకపోతే కరెంటు పోయినప్పుడు ఆ వచ్చే సన్నటి ధార కూడా చాలావరకు పంపు దగ్గరే ఆగిపోతుంది.