యాడ్స్ పెట్టే ముందు ఒకసారి ఇది చదువు

అమ్మలూ,

నీ మెసేజ్ చూశాను. మొక్కల మీద సైట్ పెట్టి మూడు నెలలైంది, ఇరవై పేజీలు రాశాను, ఇంక యాడ్స్ పెట్టేయొచ్చా పిన్నీ అని అడిగావు కదా. పెట్టొచ్చు, తప్పేం లేదు. కాకపోతే పెట్టిన రోజు నుంచి గంటకోసారి ఎంత డబ్బు వచ్చిందో చూపించే ఆ డాష్‌బోర్డ్ తెరిచి చూస్తావు, సున్నా పాయింట్ సున్నా మూడు డాలర్లు అని కనపడితే మనసు చివుక్కుమంటుంది, ఆ నీరసంలో రాయడం మానేస్తావు. నాకు అచ్చం అలాగే అయింది, అందుకే ఇంత పెద్ద ఉత్తరం.

ముందు లెక్క చూసుకో. ఆర్‌పీఎం అంటారు చూడు, అది వెయ్యి పేజీ వ్యూలకి నీకు ఎంత వచ్చిందీ అని. ఒక డాలర్ వచ్చిందనుకుందాం. మన సైట్లకి యాడ్స్ ఇచ్చే గూగుల్ వాళ్ళ యాడ్‌సెన్స్‌లో 100 డాలర్లు నిండితే గానీ డబ్బు పంపరు, అంటే లక్ష వ్యూలు కావాలి. నీకిప్పుడు రోజుకి నలభై మంది వస్తున్నారన్నావు, తలా ఒక పేజీ చూస్తే లక్ష అవ్వడానికి ఆరేళ్ళు దాటుతుంది. నిన్ను భయపెట్టాలని కాదురా, ఇప్పుడు నీకు కావాల్సింది యాడ్స్ కాదు, చదివేవాళ్ళు, అది నీకే తెలియాలని. ఈ ఒక డాలర్ కూడా అందరికీ ఒకలా ఉండదు, లోన్లు ఇన్సూరెన్సుల గురించి రాసేవాళ్ళకి ఎక్కువ పడుతుంది, డిసెంబర్‌లో పెరిగి జనవరిలో ధబేల్‌మని పడిపోతుంది, అది చూసి నీ సైట్‌కేదో అయిపోయిందని కంగారు పడకు.

మరి చదివేవాళ్ళు ఎలా వస్తారంటావా. నేను మొదట్లో బట్టల సంరక్షణ అని ఇంత పొడుగు వ్యాసం రాశాను, వారం రోజులు కూర్చుని. ఒక్కరూ చూడలేదు. తర్వాత ఒకరోజు మీ బాబాయ్ తెల్ల చొక్కా జేబులో పెన్ను కారింది, ఆ మరక తీసిన పద్ధతి ఉన్నదున్నట్టు రాసి పెట్టాను. మరక కింద పాత టవల్ మడిచి పెట్టి, దూదిని శానిటైజర్‌లో ముంచి, రుద్దకుండా అద్దుతూ పోవాలి, ఇంకు కింద టవల్‌లోకి దిగుతుంటుంది, టవల్ మడత మారుస్తూ ఉండాలి. అంతే పేజీ, నాలుగు ఫోటోలు. నా సైట్‌కి వచ్చేవాళ్ళలో సగం మంది ఇప్పటికీ ఆ పేజీకే వస్తారు, ఎందుకంటే చొక్కా పాడైన మనిషి అప్పటికప్పుడు ఫోన్ తీసి వెతికేది దాన్నే. నువ్వు కూడా మొక్కల పెంపకం అని రాయడం ఆపి, మనీ ప్లాంట్ ఆకులు ఎందుకు పసుపు పచ్చగా అవుతున్నాయి, వేర్లు కుళ్ళితే కుండీ మార్చాలా వద్దా, ఇలాంటివి రాయి. నీ చేత్తో చేసి చూసినవే రాయి, ఎక్కడో చదివినవి తిప్పి రాస్తే చదివేవాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది.

ఇక యాడ్స్ ఎక్కడ పెట్టాలీ అంటే, ఫోన్‌లో తెరిచి చూడు, కంప్యూటర్‌లో కాదు. మొదటి స్క్రీన్ అంతా యాడ్ ఉండకూడదు, మనిషి అడిగిందానికి జవాబు మొదలవ్వాలి. ఇంకో సంగతి, నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. పేజీ తెరుచుకుంటుంది, చదివే మనిషి లింక్ మీద వేలు పెట్టబోతాడు, సరిగ్గా అప్పుడే పైన యాడ్ వచ్చి పడి లింక్ కిందకి జారిపోతుంది, వేలు యాడ్ మీద పడుతుంది. ఆయనకి విసుగు, నీకేమో పొరపాటు క్లిక్కులు, అవి ఎక్కువైతే అకౌంట్‌కే ముప్పు. అందుకని యాడ్ వచ్చే చోట 300 బై 250 యాడ్ అయితే 250 పిక్సెల్స్ ఎత్తు ముందే ఖాళీగా ఉంచమని మీ తమ్ముడికి చెప్పు, వాడికి ఐదు నిమిషాల పని. ముఖం మీదకి దూకే పాపప్‌లు, దానంతటదే మోగే వీడియోలు అసలు వద్దు, అలాంటివి పెట్టే సైట్లలో యాడ్స్‌ని క్రోమ్ 2018 నుంచే ఆపేస్తోంది.

క్లిక్కుల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, మన ఇంట్లో ఎవ్వరికీ నీ యాడ్స్ నొక్కమని చెప్పకు, నువ్వూ నొక్కకు. మీ బాబాయ్ మంచి మనసుతోనే స్నేహితులందరికీ చెప్పాడు, మా ఆవిడ సైట్ తెరిచి యాడ్ నొక్కండి అని, పాపం వాళ్ళు కూడా రోజూ శ్రద్ధగా నొక్కారు. నెల తిరక్కుండా అకౌంట్ మూసేశారు, ఎనిమిది నెలలు కూడబెట్టింది పోయింది. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. అయినా అకౌంట్ మూసినవాళ్ళది తప్పని అననమ్మా, ఎవరో వ్యాపారం చేసుకునే మనిషి డబ్బు కట్టి యాడ్ ఇస్తే మనవాళ్ళు ఊరికే నొక్కారు. యాడ్‌సెన్స్ అయితే 2024 నుంచి క్లిక్‌కి కాకుండా యాడ్ కనపడినదానికే లెక్క కడుతోంది, అయినా దొంగ క్లిక్కులు దొంగ క్లిక్కులే. వేల మంది విజిటర్లని పంపిస్తాం ఇంత కట్టండి అని మెయిల్స్ వస్తాయి, వాళ్ళు పంపేది మనుషుల్ని కాదు, బాట్లు అనే ప్రోగ్రాముల్ని, ఆ మెయిల్స్ తెరవకుండా తీసెయ్.

చిన్న చిన్నవి కొన్ని. ప్రైవసీ పాలసీ పేజీ ఉండాలి. యాడ్స్ డాట్ టీఎక్స్‌టీ అనే ఫైల్ సైట్‌లో పెట్టాలి, నీ పేరు చెప్పి వేరేవాళ్ళు యాడ్స్ అమ్ముకోకుండా. 10 డాలర్లు దాటాక అడ్రస్ నిజమేనా అని పోస్టులో పిన్ నంబర్ పంపిస్తారు, అడ్రస్ సరిగ్గా ఇవ్వు, పాత ఇంటిది ఇచ్చి నాలాగా నెలలు ఎదురుచూడకు. ఎవరైనా కుండీలవాళ్ళు నేరుగా డబ్బిచ్చి మా గురించి రాయండి అంటే, అది ప్రకటన అని పైనే రాసి వెయ్యి, నీకు నచ్చని వస్తువైతే ఎంతిచ్చినా వద్దను.

ఆ పసుపు ఆకుల పేజీ ఈ వారంలో రాసి లింక్ నాకు పంపు, నా ఫోన్‌లో తెరిచి చూసి చెప్తాను.

మీ పిన్ని