కొత్త కారుకు ట్యూన్ చేయించే ముందు

చిరంజీవి అబ్బాయికి బాబాయి ఆశీస్సులు.

కొత్త వర్టస్ కారు మూడు వేల కిలోమీటర్లు తిరగకముందే ఈసీయూ రీమ్యాప్ చేయించి (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌లోని సెట్టింగుల పట్టికను, అంటే మ్యాప్‌ను, మార్పించి), పెట్టె లేని ఓపెన్ కోన్ ఎయిర్ ఫిల్టర్ కూడా బిగించాలనుకుంటున్నానని రాశావు. నేనూ ఈ పనులు చేయించినవాణ్నే కనుక వద్దని అనలేను. అయితే నువ్వు పంపిన లెక్కలో గేర్‌బాక్సు ప్రస్తావన ఎక్కడా లేదు, నా దిగులంతా దాని గురించే.

నీది ఏడు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్సు) ఉన్న 1.5 టీఎస్ఐ టర్బో పెట్రోలు ఇంజన్. ఆ ఇంజన్ కంపెనీ నుంచి వచ్చేటప్పుడే 250 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇస్తుంది. దానికి జోడించిన డీక్యూ200 గేర్‌బాక్సు పరిమితి కూడా సరిగ్గా 250. ట్యూనర్ ఇచ్చిన గ్రాఫులో గీత 300 దాటిందని మురిసిపోయావు గాని, ఆ అదనపు భారాన్ని మోయవలసినవి నూనెలో మునగని డ్రై క్లచ్ పలకలు, అదీ పంజాగుట్ట ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం జరుగుతూ. అందుకని తక్కువ ఆర్‌పీఎంలో టార్క్‌ను ఎంత దగ్గర కట్టడి చేశాడో ట్యూనర్‌ను ముందుగా అడుగు. 2000 లోపే ఒక్కసారిగా ఎగసే మ్యాప్ నడపడానికి సరదాగానే ఉంటుంది, కానీ ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) ఎక్కువైనప్పుడే స్పార్క్ రాకముందే ఇంధనం అంటుకుని పిస్టన్లు పగిలే ముప్పు ఉంటుంది.

ఇక ఫిల్టర్ సంగతి. టర్బో ఇంజన్‌లో ఎంత బూస్ట్ కావాలో ఈసీయూయే నిర్ణయిస్తుంది కాబట్టి, మ్యాప్ మార్చకుండా ఫిల్టర్ ఒక్కటే మారిస్తే నీకు మిగిలేది చప్పుడే. కంపెనీ ఇచ్చిన ఫిల్టర్ పెట్టె ముందు గ్రిల్ నుంచి బయటి గాలిని తెచ్చుకుంటుంది. పెట్టె తీసేసిన కోన్ బానెట్ కింది వేడి గాలిని పీలుస్తుంది, మే నెలలో ఆ తేడా నీకే తెలుస్తుంది. నా పాత కారుకు నూనె పూసే కాటన్ ఫిల్టర్ పెట్టించి, అతిగా పూసిన నూనె గాలిని కొలిచే సెన్సర్ తీగకు పట్టి బండి కుదుపులు పెడుతుంటే, రెండు వారాలు స్పార్క్ ప్లగ్గులను అనుమానించాను.

మ్యాప్‌ను ఏ పెట్రోలుకు రాశాడో కూడా కనుక్కో. 100 ఆక్టేన్ పెట్రోలు (నాక్‌ను బాగా తట్టుకునేది) ఎంపిక చేసిన బంకుల్లోనే దొరుకుతుంది, ఊరి దారిలో దొరకదు.

ఫ్లాష్ చేసిన (కొత్త మ్యాప్ ఎక్కించిన) ఈసీయూను మళ్లీ పాత మ్యాప్‌కు మార్చినా, సర్వీస్ సెంటర్ స్కానర్ ఆ మార్పును పట్టుకోగలదు. అప్పుడు ఇంజన్, గేర్‌బాక్సు వారంటీ మీద ఆశ వదులుకోవలసిందే. వాహనంలో మార్పుల గురించి చెప్పే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ను, బీమా పాలసీ షరతులను నువ్వే చదువుకో.

ప్రస్తుతానికి ఓబీడీ రీడర్ (కారు కంప్యూటర్ అంకెలు చూపే పరికరం) ఒకటి కొని, బండిని ఉన్నదున్నట్టు ఉంచి, మిట్టమధ్యాహ్నం ఔటర్ రింగు రోడ్డు మీద మూడో గేరులో లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రతనూ, నాక్ (ఇంధనం అదుపు తప్పి మండి ఇంజన్ కొట్టుకోవడం) వల్ల ఇగ్నిషన్ టైమింగ్, అంటే స్పార్క్ వచ్చే క్షణం, ఎంత వెనక్కి తగ్గుతోందో ఆ అంకెలనూ రికార్డు చేసి నాకు పంపు. కంపెనీ మ్యాప్‌తోనే టైమింగ్ తగ్గుతూ ఉంటే, ట్యూనర్‌కు అడ్వాన్సు ఇవ్వకు.

ఇట్లు,
నీ బాబాయి